యుద్ధం జరగని కోట

ఆ కోటను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలో వద్దో తేల్చడానికి వచ్చిన అధికారిణి, బురుజు మీద కూర్చుని ఫారం నింపుతోంది. ముసలి కాపలాదారు ఆమెకు గొడుగు పట్టాడు.

"ఇక్కడ ఎన్ని యుద్ధాలు జరిగాయి తాతా?"

"ఒక్కటీ లేదమ్మా."

ఆమె పెన్ను ఆగింది. "మరి ఏం గొప్పని రాయను?"

"మూడుసార్లు సైన్యాలొచ్చాయి. ఈ గోడ చూసి నోరెళ్లబెట్టి, వచ్చిన దారినే పోయాయి."

"ఆధారం కావాలి కదా! వీరుల సమాధుల్లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"ఎవరూ చావందే సమాధులెక్కణ్నుంచి వస్తాయమ్మా?"

అతను కిందున్న ఊరిని చూపించాడు. మిద్దెల మీద బట్టలు ఆరుతున్నాయి. బడి గంట మోగుతోంది.

"ఆనాడు చావనివాళ్ల మునిమనవలంతా అక్కడే ఉన్నారు. సాక్ష్యానికి పిలవమంటారా?"

ఆమె కాసేపు ఆ ఊరినే చూసింది. తర్వాత 'యుద్ధాలు' అన్నచోట రాసింది: "మూడు. మూడింట్లోనూ గోడే గెలిచింది."