దక్షిణం పక్క కానుగచెట్టు

చిత్తూరులో మే నెల మిట్టమధ్యాహ్నం. రిటైరైన లెక్చరర్ యోగానంద తన ఇంటి దక్షిణం పక్కనున్న కానుగచెట్టు కింద కుర్చీ వేసుకుని ఫోన్ చూస్తున్నాడు. గొడ్డలి తెమ్మని కబురంపితే వచ్చిన మునెయ్యకు దేన్ని కొట్టాలో ఇంకా తెలియదు.

"ఈ సెట్టేనా సామీ? పచ్చంగా ఉండాదే! ఏం తప్పు సేసింది?"

"ఇంటికి ఎండ తగలకుండా అడ్డం ఉండాదప్పా. పర్యావరణానికి మేలుగా తోట ఎట్లా పెంచాలో ఈ వీడియోలో చెప్పినారు. దక్షిణం పక్క నీడ ఉండగూడదంట."

"ఎందుకంట?"

"ఎండ లోపలికొస్తే ఇల్లు వెచ్చగుంటాది. కరెంటు ఆదా, భూమికి మేలు."

"వెచ్చగానా! ఆ చెప్పినాయనది ఏ ఊరు సామీ?"

"కెనడా. ఆడ ఆర్నెల్లు మంచే."

"మనకాడ మంచు యాడుండాది?"

"చదువు లేనోడివి, నీకెట్లా తెలుస్తాది? భూమి అందరికీ ఒకటే."

"భూమి ఒకటే గానీ, ఎండ వేరే గదా సామీ. ఇల్లు కొలిమైపోతాది."

"దానికి ఇంకో ఏసీ చెప్పినాలే. రేపొస్తాది."

చదువుకున్నాయనతో వాదం దేనికని మునెయ్య తలగుడ్డ బిగించాడు. గొడ్డలి ఎత్తబోయి ఆగాడు.

"సరే సామీ, కొట్టేస్తా. మీరు కుర్చీ ఎత్తుకుని అట్టా వాకిట్లోకి జరగండి, కొమ్మలు మీద పడతాయి."

యోగానంద వాకిట్లో పెనంలా కాలుతున్న బండల వైపు చూశాడు. కుర్చీలోంచి కదల్లేదు.

"ఇప్పుడొద్దులేప్పా. పొద్దు వాలినాక కొడుదువు. ఈ ఎండకు మనిషనేవాడు నిలబడతాడా?"