పొద్దుగాల లేచిన నొప్పి

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడి వదిన హెప్సిబా బయటికి రాగానే, మంథని నుంచి అన్నను జీపులో తెచ్చిన తిమోతి ఎదురెళ్ళాడు.

"సారేమన్నడు వదినా? స్టెంట్ ఏసిన్రు గద, అన్నకు మంచిగైనట్టేనా?"

"మూసుకపోయిన పెద్ద నరం తెరుసుకున్నదట. గని లోపటి సన్న నరాలల్ల నెత్తురు పారుతలేదట. గుండె కండ సగం దెబ్బతిన్నదట."

"నరం తెరిసినంక నెత్తురెందుకు పారది?"

"తెచ్చుడు ఆలస్యమైందట. నొప్పి ఎప్పుడు లేసిందని అడిగితె, నువ్వు చెప్పినట్టే పదకొండుకని చెప్పిన."

తిమోతి చేతులు జోడించాడు.

"పదకొండుకు గాదు వదినా, పొద్దుగాల ఆరింటికే. పొలంల ఛాతి పట్టుకొని కూసున్నడు. గ్యాసేనని సోడా తాగిపిచ్చిన. గీ పూట పోతె కోత మిషిను మల్ల దొరకదని, కోత అయినంక పోదామన్న."

హెప్సిబా గోడకు ఆనుకుంది.

"ఐదు గంటలా!"

"నన్ను తిట్టు వదినా."

"తిడితె గా కండ మల్లొస్తదా? మీ అన్న కండ్లు తెరిసి ఏమన్నడో ఎర్కనా? తమ్ముడు జీపుల ఏసుకొని రాకపోతె సచ్చిపోదునన్నడు."

"గట్లనకు. ఇప్పుడే పోయి నిజం చెప్త."

"ఏం చెప్తవ్? నొప్పి లేసింది ఆయన ఛాతిల గాదా? ఎన్నింటికి లేసిందో ఆయనకెర్కలేదా? అన్నీ ఎర్కుండే గా మాటన్నడు. పో, పక్కన కూసో."

తిమోతి తలుపు దాకా వెళ్ళాడు. లోపలికి అడుగు పడక అక్కడే నిలబడి ఏడ్చాడు.