యశోద వేసిన అట్ట

ఏంది మురళీ, గట్ల చూస్తవ్? లెక్కల సారువి, ఇంగ్లీషు సంగతి నీకేం ఎరుక? జల్దీ సంతకం పెట్టు. రెండో సారు సంతకం లేకుంటే ఈ ఫారాలు భద్రాచలంల తీసుకోరంట.

ఏం ఫారాలయ్యా ఇవి! పిల్లకు ధైర్యమెంత, ఆశెంత, ఇంగ్లీషు మాట్లాడబుద్ధి ఎంత, పదికి మార్కులెయ్యాల్నట! ధైర్యానికి మార్కులేసుడు ఎన్నడన్న చూసినవా? ఎక్కువొచ్చినోళ్లు నెలరోజులు హైదరాబాద్ క్యాంపుకు పోతరట. పోయి ఏం పొడుస్తరు? ఇంట్ల కోయ భాష, బడిల తెలుగు. ఇంగ్లీషనంగనే బెల్లం కొట్టిన రాయి లెక్క కూసుంటరు.

అందుకే గద అట్ట పెట్టిన. నా పీరియడ్ల తెలుగో కోయనో మాట్లాడితే మెడల తాడు కట్టిన అట్టముక్క. ఇంకొకలు దొరికితే తీసి వాళ్లకెయ్యాలె. ఏమైంది? అందరు నోర్లు కుట్టుకున్నరు. దద్దమ్మలు!

అవ్, యశోద సంగతే. కోయగూడెం జంపక్క బిడ్డ. తెలివిగల్లదంటవ్, సున్నా ఎందుకేసినవంటవ్. నోరు తెరిచిందా అది? ఒక్క ముక్క?

మొన్న నువ్వు లీవుల ఉన్నవ్. భద్రాచలం నుంచి తనిఖీకి మేడమొచ్చింది. వచ్చుడు వచ్చుడే, క్లాసుల అందరి ముంగట నన్నే అడిగింది ఇంగ్లీషుల, పిల్లలెట్ల చదువుతున్నరని. ఏం పెద్ద ప్రశ్న? "మంచిగనే చదువుతున్నరు మేడం" అన్న. తెలుగులనే.

అట్ట అప్పుడు యశోద మెడల ఉన్నది. పక్కపిల్లను కోయ భాషల నీళ్లడిగి దొరికింది. లేచింది. అట్ట తీసింది. సీదా నా దగ్గరికొచ్చి, మునివేళ్ల మీద నిలబడి, నా మెడల ఏసింది. ఎగతాళి లేదు, భయం లేదు. పోయి తన జాగల కూసున్నది.

మేడం నవ్వింది. పిల్లలు ఒక్కలు గూడ నవ్వలే మురళీ! అదే నాకు మండింది.

మాట్లాడలే గదా అది! ఫారంల అడిగింది మాట్లాడుడు గురించే. మరి సున్నా కరెక్టే.

ఏంది, పెన్ను కింద పెట్టినవ్?

ఇరవై రెండేండ్లాయె నేను ఇంగ్లీషు చెప్పవట్టి. బోర్డు మీద రాసుడు, రాయించుడు. ఒక్క మనిషితోని, ఒక్కనాడన్న మాట్లాడలే. నవ్వుతరని. భయపడ్డది నేను, సున్నా పడ్డది దానికి. చాలా? ఇనాలనుకున్నది ఇన్నవ్ గదా?

అట్ట నా సంచిలనే ఉన్నది. ఇంకొకలు దొరికేదాంక నాదే.

పెట్టవయ్యా సంతకం. బస్సొస్తది.