డబ్బాలో ఐదు లీటర్లు

జుబైల్ నుంచి రియాద్ వెళ్లే దారి. కంపెనీ కారులో ఇద్దరే.

"పర్మిషన్ కాగితం ల్యాబ్‌లోనే మర్చిపోయాను, మస్తాన్ భాయ్. బండి వెనక్కి తిప్పండి."

"యాడ తిప్పేది, కిరణ్ సారూ? ముందర చెక్‌పోస్ట్ కనపడతాంది. ఈడ తిరిగితే వాళ్లే వెంటబడతారు."

"మీకు అర్థం కావట్లేదు. వెనక డబ్బాలో ఉన్నది ఆల్కహాల్. ఐదు లీటర్లు. ఈ దేశంలో."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"మా కడప పక్క సారా అంటారు."

"సారా కాదండీ. కాగితం మిల్లులో మిగిలిన చెక్క పిప్పిని పులియబెట్టి, ఆరు నెలలు కష్టపడి తీశాను. పెట్రోల్లో కలిపేది. పొద్దున చెప్పాను కదా."

"పొద్దున ఇంధనం అంటివి. బండికి పోస్తే చెడిపోదా అని గూడా నేను అడిగితిని."

"చెడిపోదన్నాను. రెండింటికల్లా రియాద్‌లో పెద్దవాళ్లకి ఇది చూపించకపోతే ప్రాజెక్టు మూత, నాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. మీరు ఈల వేస్తున్నారా?"

"బుగులైతే ఈల వస్తాది నాకు. అద్దం దించుతాండా. నువ్వు నోరు మెదపాకు."

.

"వదిలేశాడు."

"ఆఁ, వదిల్నాడు. బెల్టు పెట్టుకో."

"మూత తీసి వాసన చూసి, యల్లా పొమ్మన్నాడు. మస్తాన్ భాయ్, అది ఆమడ దూరం గుప్పుమంటుంది. అతనికి జలుబా?"

"అయ్యుండచ్చు."

"మస్తాన్ భాయ్."

"చెప్పు సారూ."

"డబ్బాలో ఏముంది?"

"నీళ్లు."

"నీళ్లా?"

"పెట్రోలు పంపు కాడ నువ్వు చాయ్‌కి పోతివి గదా. డబ్బా మీద అరబ్బీ రాసుంటే కూడబలుక్కుంటి. కుహూల్. నాకు అరబ్బీలో అక్షరాలే గానీ అర్థాలు రావు, ఆ ఒక్క ముక్కకు మాత్రం తెల్సు, సారా అని. పద్నాలుగేండ్లుగా ఈడ ఉండనిచ్చిన ఇఖామా సారూ నాది, పోతే మళ్లా రాదు. నమాజుకు ముందర వజూ చేసినట్టు మూడుసార్లు కడిగి నీళ్లు నింపినా."

"నా ఆరు నెలల కష్టం ఇసకలో పోశారా?"

"ఇసకలో పోస్తే వాసన రాదా? చెడిపోదని నువ్వే చెప్తివి."

"బండి ట్యాంకులోనా?"

"నూటిరవై కిలోమీటర్లు వస్తిమి. ఒక్క దగ్గు దగ్గలే."

"బాగానే ఉంది. రెండింటికి వాళ్లకి నేనేం చూపించను?"

"తాళంచెవి ఇచ్చి, ఒక చుట్టు కొట్టి రమ్మను."