ఎవరూ అరవలేదు

మూడొందల మంది పిల్లకాయలకి మూడొందల బడులు కడతారా ఎవరన్నా? చెప్పు ఫేబీ. నువ్వు అందించబాకు సుశీల్, దాన్నే చెప్పనీ. ఆ, అదీ! ఒకే బడి కట్టి గదులు వేస్తారు.

మా ఆఫీసులో చేసిందీ అదే. లైనక్సు నడిచే చిన్న సర్వర్లు, అంటే రాత్రీపగలూ ఆఫీసు పనులు చేసే కంప్యూటర్లు, మూడొందల పన్నెండు ఉండేవి. ఒక్కోదానికి కరెంటు, ఒక్కోదానికి ఏసీ. వాటి పనులన్నీ తెచ్చి రెండు మెయిన్‌ఫ్రేముల్లోకి ఎక్కించాం. మెయిన్‌ఫ్రేమంటే బీరువా అంత కంప్యూటరమ్మా. లోపల ఎవరి గది వాళ్లదే, ఒకరి గోల ఒకరికి పట్టదు. ఆ పనికి పెద్ద మీ అమ్మమ్మే, నేనే.

నవ్వబాకు అబ్బయా, అసలు సంగతి ఇప్పుడుంది. పనిలేనివాటిని ఎక్కించం, ఆపేస్తాం. పనిలేదని ఎట్లా తెలుస్తుంది? తీగ పీకేసి కూర్చుంటాం. ఎవరన్నా ఫోన్ చేసి అరిస్తే మళ్లీ పెడతాం. అరవకపోతే దాని పని అయిపోయినట్టే. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదులే.

మూలన పాత సర్వరొకటి ఉండేది. మన మైపాడు ఇంజను బోట్లు వేటకు పోతే, గాలి లేస్తోందని వాళ్ల ఫోన్లకు కబురు పంపేది. నెలగా దాంట్లో కదలిక లేదు. తీగ పీకించినా. పదిహేను రోజులు చూశాం. ఒక్కరూ అరవలేదు.

ఎందుకు అరవలేదు? ఆలోచించండి. అది మే నెల.

...ఆ. చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట బందు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటే అరిచేదెవరు?

నాకు తెలీదా? ఈ ఊళ్లో పుట్టినదాన్ని! నా కింద పనిచేసే అబిగయీలు చెప్పనే చెప్పింది, "ఇది బోట్లది మేడం, జూన్ దాకా ఆగుదాం" అని. ముప్పై ఒకటిన నా రిటైర్మెంటు. ఆపెయ్యాల్సినవాటి లిస్టులో ఒక్క గడి ఖాళీగా వదిలిపోవడమా అనిపించింది. "ఇంక దాన్ని పూర్తిగా ఆపేసి, లిస్టులో కొట్టెయ్యమ్మా" అన్నా.

జూన్‌లో వేట మొదలైన వారానికే గాలి లేచింది. కబురు పోలేదు. కబురు రాలేదంటే సముద్రం బాగుందనే కదా వాళ్ల లెక్క! వేటకు పోయిన మన ముత్యాలయ్య, బోటు తిరగబడితే ఈదుకుంటా ఒడ్డుకొచ్చినాడు. ఆయన తమ్ముడు చిన్నపోలయ్య రాలేదు.

తీగ పీకిన చెయ్యి అబిగయీలుది. ఆ పిల్లనే ఉద్యోగంలోంచి తీసేస్తామంటున్నారు. నిన్న ఫోనొస్తే పెరట్లోకి పోయి మాట్లాడినానే, ఆఫీసోళ్లదే అది. "ఆగమని మీతో చెప్పానంటోంది, నిజమేనా మేడం?" అని అడిగినారు.

"జ్ఞాపకం లేదండీ" అన్నా.

ఉంది. ఏ కుర్చీ పట్టుకుని నిలబడి చెప్పిందో కూడా ఉంది.

ఏంది ఫేబీ, అట్లా చూస్తావు? ఆఫీసోళ్ల నంబరా? ఉందిలే, ఎక్కడికి పోతుంది?

జరుగు సుశీల్, దారివ్వు. గ్రైండర్లో దోసెల పిండి సగంలో ఆపి వచ్చినా.