రాజేశం కుట్టిన దుప్పటి అంగీ

రాజేశమా? వాని పేరు నీకెవలు చెప్పిన్రు వరుణ్? కూసో బిడ్డా, గా ఏసీ జర తగ్గియ్యి, మోకాళ్ళు గుంజుతున్నయి. రాజేశం అంటె మా కోరుట్ల దిక్కు దర్జీ, నా లెక్కనే గీ గల్ఫుకు బతకొచ్చినోడు. గీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ ఏరియాలనే, మూల మీద ఇప్పుడు మొబైల్ షాపున్నది సూడు, గక్కడ కుట్టెటోడు. షాపు అర్బాబుది, అంటె వానికి వీసా ఇచ్చిన అరబ్బు సేటుది. పడుసు పిలగాడు, మిలిట్రీల నౌకరి. కువైట్ లడాయప్పుడు ఆయన సరిహద్దుకు పోయిండు, దోస్తులు గూడ పోయిన్రు. గిరాకంత ఆళ్ళే గద! షాపుల ఈగలు దోలుడే మిగిలింది. షాపు మూసిన్రంటె రాజేశం వీసా ఖతం, మూటముల్లె సర్దుకొని ఇంటికే. వానికి అదొక్కటే గుబులు.

గప్పుడు అర్బాబు నాయిన ఓ కబురు తెచ్చిండు. లడాయికి పోయినోళ్ళ షాపులు దెబ్బతింటె సర్కారు లోనిస్తదట, ఆఫీసరొచ్చి సూస్తడట. రాజేశం ఎగిరి గంతేసిండు. మన ఊళ్ళె బర్రెల లోను ఎరికే గద నీకు? ఎరికలేదా, అయ్యో! బ్యాంకు సారు సూడనొస్తె పక్కింటి బర్రెను తెచ్చి కట్టేసుడే. ఒక్క బర్రె ఊరంత తిరిగేది, పాపం దానికే యాష్టకొచ్చేది. "ఖాళీ కొట్టానికి ఎవడన్న లోనిస్తడా బావా? నిండుగ కనవడాలె" అన్నడు రాజేశం. ఇంకేంది, గల్లీల దర్జీలందరి కాడ మిషిన్లు అడుక్కొచ్చిండు. గిరాకీకేమో మా లేబర్ క్యాంపోళ్ళం, చేతిల తలా ఓ బట్ట. నా కాడ బట్ట యాడిది? పక్క మీది దుప్పటి గుంజుకపోయిన, పెద్ద పెద్ద గులాబి పూలది.

ఆఫీసరొచ్చిండు. వాకిట్ల ముసలాయన "కొడుకు లేడు, షాపు ఆగమైంది" అని కండ్లు తుడుసుకుంటున్నడు. లోపల జూస్తె పెండ్లిల్లు! టకటక మిషిన్లు, "నాదెప్పుడిస్తవ్, నాదెప్పుడిస్తవ్" అని మావోళ్ళ లొల్లి. "మాషా అల్లా! గీ షాపుకు లోనెందుకు?" అన్నడు ఆఫీసరు. రాజేశానికి సమజైతెనా! ఇంకింత హుషారొచ్చి నా దుప్పటి కరకర కత్తిరిచ్చి, నా మీదనే కొలిసి అంగీ కుట్టవట్టె. "అరే, నా దుప్పటి రా!" అంటె "ఊకో బావా, సారు సూస్తున్నడు" అంటడు!

గంతల మా కంపెనీ బస్సు హారన్ కొట్టింది. డ్యూటీ! యల్లా యల్లా అనుకుంట గిరాకంత ఉరికిన్రు. పక్క షాపాయనొచ్చి "రాజేశం భాయ్, మేరా మిషిన్" అని ఎత్తుకపాయె. ఆయనెంబడి ఇంకొకాయన. సూస్తుండంగనే షాపుల మిగిలింది ఒక్క మిషిను, రాజేశం, ఒంటి చెయ్యి అంగీల నేను. ఆఫీసరు కుర్సీల కూలవడి కడుపు పట్టుకొని నవ్విండు. "ఇప్పుడు కనవడ్డది నాకు షాపు" అని లోను రాసిచ్చి పోయిండు.

అర్బాబు సల్లంగ తిరిగొచ్చిండు, షాపు నిలవడ్డది. రాజేశం ఇంకా పదేండ్లు గక్కడనే కుట్టిండు. నా అంగీనా? రెండో చెయ్యి "రేపు కుడుత బావా, రేపు కుడుత" అని పదేండ్లు తిప్పిండు దొంగ నాకొడుకు! దర్జీ రేపు అంటె గంతే గద.

ఇంటికొచ్చినంక వాని పానం పోయినప్పుడు నేను సెలవు మీద ఊళ్ళెనే ఉంటి. ఏం బుద్ధి పుట్టిందో, గదే అంగీ ఏసుకొని పోయిన. ఇల్లంత ఏడుపులు. వాని పెండ్లాం తలెత్తి నన్ను జూసింది. గులాబి పూలు జూసింది, లేని చెయ్యి జూసింది. ఏడుస్త ఏడుస్తనే పక్కున నవ్వింది బిడ్డా, సుట్టాలంత బిత్తరపోయిన్రు. "అన్నా, నీకు గూడ రేపే అన్నడా?" అన్నది.

...గా ఏసీ పెంచుకో ఇగ. ఉక్కవోస్తున్నది.