అడ్డసరం కషాయం

పెద్దవంగరలో కొత్త కోడలు పరీక్ష పట్టీ పట్టుకొని వంటింట్లోకి పరుగెత్తింది. కోడలి దగ్గుకని అత్త అడ్డసరం ఆకుల కషాయం వడకడుతోంది.

“అత్తమ్మా, రెండు గీతలొచ్చినయ్! నువ్వు నానమ్మవైతున్నవ్!”

“నా బంగారమే! అయ్యో, ఆగు! గా కషాయం ముట్టకు!”

“ఏంది? దగ్గుకు మంచిదని నువ్వే ఇస్తివి గద?”

“దగ్గుకు మంచిదే. కడుపుతోనున్నోళ్లు తాగితే కడుపు పోతదంటరు. నిన్న ఎంత తాగినవ్?”

“రెండు గుటకలే. చేదని మిగిలింది నీ కొడుకు చాయ్‌ల పోసిన.”

“వాని సంగతి ఇడువు! నీకు నొప్పేమన్న ఉన్నదా?”

“లేదు. అత్తమ్మా, కషాయమంత పారబోస్తున్నవేంది?”

“పారబొయ్యనా మరి? నిన్న గీ చేతులతోనే నీకు పోస్తిని.”

“మూడో నెల దాకా ఎవ్వరికీ చెప్పొద్దన్నది మా అమ్మ. నేనే ఆగలేకపోయిన.”

“ఆగితే రోజూ తాగిస్తుంటి బిడ్డా! రేపు పొద్దుగాల్నే మానుకోట దవాఖానకు పోదాం. ఏం తాగిచ్చిన్నో డాక్టరమ్మకు నేనే చెప్త.”